పూడ్చేముందు చూడాలి: చిన్న శివారు పట్టణంలో పబ్లిక్ వర్క్స్ విభాగం నడిపిన అనుభవం

పెద్ద నగరాల్లో రోడ్లకు ఒక విభాగం, నీళ్లకు ఒకటి, మురుగుకు ఇంకొకటి ఉంటాయి. చిన్న శివారు పట్టణంలో అవన్నీ ఒకే కుర్చీ కిందకు వస్తాయి. రోడ్లు, తాగునీరు, మురుగు లైన్లు, వాననీటి కాలువలు, వీధి దీపాలు, వీటికోసం తిరిగే బండ్లు, అన్నీ. మెయిన్ పైపు పగిలిందంటే ఆ రోజు గుంతలు పూడ్చాల్సిన గ్యాంగే అక్కడికి పరుగెత్తాలి. అది కష్టమే. కానీ ఇందులోనే ఒక సౌకర్యం ఉంది. పైపు వేసే గ్యాంగు, ఆ పైపు మీద రోడ్డు వేసే గ్యాంగు ఒకరి మాటే వింటాయి. ఆ వరస కుదిర్చితే సగం తలనొప్పులు అసలు పుట్టవు. బాధ్యత చేపట్టాక ఏ పని ముందు పట్టుకున్నానో, ఏ కొలతలు పెట్టుకున్నానో, ఎక్కడ దెబ్బతింటుందో రాస్తున్నాను.

మొదట ఏమేమి ఉన్నాయో తెలియాలి. బీరువాలో డ్రాయింగులుంటాయి గానీ వాటిలో చాలామటుకు పని మొదలుకాకముందు గీసినవి. కాగితం మీద రోడ్డుకు ఎడమన ఉన్న పైపు నేలలో కుడిన దొరుకుతుంది. అందుకే నేను వాల్వులతో మొదలుపెట్టాను. ప్రతి చాంబరు మూత తీసి, మట్టి తోడి, కీ పెట్టి వాల్వును పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, చుట్లు లెక్కపెట్టించాను. గేట్ వాల్వుకు (పలక కిందకు దిగి నీటిని ఆపే రకం) ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని మూడుతో గుణించి రెండో మూడో కలపాలి. 150 మి.మీ. వాల్వుకు 20, 21 చుట్లు వస్తాయి. 200 మి.మీ.కు 26, 27. పదమూడో చుట్టులోనే బిగుసుకుంటే అది పూర్తిగా మూసుకోలేదని అర్థం. పలక వచ్చి ఆనే సీటు మీద తుప్పు పెళ్లలో, ఇసుకో కూర్చుని ఉంటుంది. అక్కడ కీకి పొడుగు పైపు తొడిగి బలవంతం చేయకూడదు. కీతో తిరిగే కడ్డీ, అంటే స్పిండిల్, విరిగితే వీధంతా నీళ్లు ఆపి తవ్వాల్సిందే. ఐదారు చుట్లు మూసి రెండు మూడు చుట్లు వెనక్కి తిప్పుతూ పోతే, పారే నీరే ఆ చెత్తను కడిగేస్తుంది. చివరి చుట్లు మరీ నెమ్మదిగా తిప్పాలి. తొందరపడి మూస్తే నీటి దెబ్బకు ఎక్కడో బలహీనంగా ఉన్న జాయింటు ఊడుతుంది.

ఇంకో చిక్కు: ఒకే పట్టణంలో ఎడమకు మూసుకునేవి, కుడికి మూసుకునేవి కలిసే ఉంటాయి. దిక్కు, చుట్లు, కదలని గోడ మూలల నుంచి రెండు మూడు కొలతలు రిజిస్టరులో రాయించాను. ఈ పనిలో తప్పకుండా బయటపడేది ఒకటుంది, ఎప్పుడో రిపేరు రోజున మూసి సగమే తెరిచి వదిలేసిన వాల్వులు. వీధి చివర నీళ్లు సన్నగా వస్తున్నాయని ఫిర్యాదు వస్తే పెద్ద పైపు వేయాలని అంచనా తయారుచేసేముందు, ఆ దారిలో ఉన్న ప్రతి వాల్వూ పూర్తిగా తెరిచి ఉందా అని చూడాలి. ఒక్క మనిషి, ఒక్క పూట పని అది.

రోజంతా నీళ్లుండే లైన్లలో లీకులు పట్టుకోవడానికి రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య మీటరు చూడటం కంటే తేలిక దారి లేదు. ఆ వేళ వాడకం దాదాపు ఉండదు. అయినా ఒక ప్రాంతానికి గంటకు 15 ఘనపు మీటర్లు పోతోందంటే అందులో ఎక్కువ భాగం నేలలోకే పోతోంది. ఒక్కో వాల్వు మూస్తూ మీటరు చూస్తే, ఏ వాల్వు మూసినప్పుడు అంకె ఒక్కసారిగా పడిందో ఆ వీధిలోనే లీకు. వాల్వులు పనిచేస్తేనే ఇది సాధ్యం, కాబట్టే అవి ముందు.

మురుగు లైన్లలో జెట్టింగు (ఒత్తిడితో నీళ్లు చిమ్మి కడగడం) దిగువ మేన్‌హోలు నుంచి ఎగువకు చేయాలి. నాజిల్‌లో నీళ్లు వెనక్కి చిమ్ముతాయి. ఆ తోపుతో గొట్టం పైకి పాకుతుంది, వెనక్కి లాగేటప్పుడు పూడికంతా దిగువ మేన్‌హోలుకే కొట్టుకొస్తుంది. అక్కడ జల్లెడ లాంటి అడ్డు పెట్టి పూడికను బయటికి తీయకపోతే అది వచ్చే వారం తరవాతి లైనులో ముద్దకడుతుంది. మురుగు తనంతట తాను కడుక్కుంటూ పారాలంటే వేగం సెకనుకు 0.6 మీటర్లు ఉండాలి. 200 మి.మీ. పైపుకు వందకు 0.4 వాలు కావాలన్నది అందుకే. ఒకే చోట మూడు నెలలకోసారి పూడుకుంటుంటే మళ్లీ మళ్లీ జెట్టింగు చేసి సంతృప్తి పడకూడదు, కెమెరా పంపాలి. కొవ్వు పేరుకుంటే కడిగితే పోతుంది. వేర్లు దిగితే కోసి జాయింటు సరిచేయాలి. పైపు కుంగి కడుపు పడితే మాత్రం ఎంత కడిగినా లాభం లేదు, ఆ ముక్క మార్చాల్సిందే.

మేన్‌హోలులోకి మనిషిని దింపడం అన్నది నా దగ్గర లేదు. జెట్టింగు, సక్షన్, కెమెరా, పొడుగు కర్ర గాలాలు, వీటితో కాని పని ఉంటే లైను మళ్లించి తవ్వుతాం. మూత తీసి పైన నిలబడి చేసే పనికి కూడా గ్యాస్ మీటరు ఉండాలి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉందా, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు 10 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు పది) దాటిందా, మండే వాయువులున్నాయా అని పైన, నడుమ, అడుగున మూడుచోట్లా చూడాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగున నిలుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసనతో పసిగట్టొచ్చని పాత పనివాళ్లు నమ్ముతారు. 100 పీపీఎం దాటేసరికి ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. వాసన తగ్గింది కదా అని వంగినవాడు పైకి లేవడు. సూపర్‌వైజరుకు ఈ ఒక్కమాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఇక ట్రెంచి, అంటే పైపు కోసం తవ్విన కందకం. విభాగంలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది, ఎవరూ చూడనిది ఇదే. పైపు వేశాక ప్రొక్లెయినర్‌తో మట్టినంతా ఒక్కసారే తోసి, పైన రోలరు తిప్పి వెళ్లిపోతారు. పైన 300 మి.మీ. గట్టిపడుతుంది, కిందంతా గుల్లగా ఉంటుంది. తొలి వానకు నీరు దిగి ఆ మట్టి కుంగుతుంది. పైన వేసిన కొత్త తారు పల్లెంలా వంగుతుంది. అది రోడ్డు తప్పు కాదు గానీ తిట్లు రోడ్డుకే పడతాయి. నేను పెట్టిన పద్ధతి ఇది. పైపు కింద 100 మి.మీ. ఇసుక పరుపు, పక్కల్లో చేతితో కూరి గట్టిచేయడం, పైపు మీద 300 మి.మీ. ఎత్తున హెచ్చరిక టేపు. ఆ పైన 150 నుంచి 200 మి.మీ. పొరలుగా మట్టి వేసి, ఒక్కో పొరనూ మట్టిని గుద్ది అణిచే యంత్రం రామర్‌తో కొట్టి ప్రాక్టర్ సాంద్రతలో (ప్రయోగశాల పరీక్షలో ఆ మట్టికి వచ్చే గరిష్ఠ సాంద్రత) 95 శాతానికి తేవాలి. తేమ సరిపోయిందా అని చూడటానికి మట్టిని గుప్పిట్లో బిగించాలి. ముద్ద నిలిచి, వేళ్లతో నొక్కితే రెండు ముక్కలైతే సరి. పొడిగా రాలితే నీళ్లు చల్లాలి. చేతికి అంటుకుంటే ఆరనివ్వాలి. ఇది సైటులో సరిచూపు మాత్రమే, పరీక్ష పరీక్షే.

ఒక పొర ఇన్‌స్పెక్టరు చూడనిదే రెండో పొర పడకూడదన్నది షరతు. కొలకర్ర ఫ్రేములో నిలబెట్టి ఫొటో తీసి, వీధి పేరు, తేదీతో దాచాలి. చూడకుండా పూడ్చేస్తే మళ్లీ తవ్విస్తానని టెండరులోనే రాశాను. ఒక్కసారి నిజంగా తవ్విస్తే చాలు, ఆ మాట కాంట్రాక్టర్లందరికీ చేరుతుంది. తారు తిరిగి వేసేటప్పుడు ట్రెంచికి రెండు పక్కలా మరో 300 మి.మీ. పాత తారు కోసి తీయాలి. అప్పుడు కొత్త అతుకు కదలని నేల మీద కూర్చుంటుంది.

వాననీటి కాలువలకు ఒక చిన్న లెక్క చేతిలో ఉండాలి. ప్రవాహ గుణకం (పడిన వానలో ఎంత వంతు పారుతుందో చెప్పే అంకె), గంటకు మి.మీ.లలో వాన, హెక్టార్లలో విస్తీర్ణం, మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరో వస్తుంది. 10 హెక్టార్లు, గుణకం 0.7, గంటకు 50 మి.మీ. వాన అయితే 0.97 ఘనపు మీటర్లు. అదే స్థలం ఇళ్లు రాకముందు 0.3 గుణకంతో ఉంటే 0.42. శివారు పట్టణంలో పాత కల్వర్టు ఎందుకు పొంగుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. కల్వర్టు చిన్నదైపోలేదు, పైనున్న నేల గట్టిపడింది. అయితే నీళ్లు నిలిచిన ప్రతిచోటా కాలువ చాలలేదని అనుకోకూడదు. చాలాచోట్ల కాలువ ఖాళీగానే ఉంటుంది, నీరే అందులోకి దిగదు. ఆకులు, కవర్లు జాలీని మూసేసి ఉంటాయి, లేదా రోడ్డు మీద రోడ్డు వేసి జాలీ చుట్టూ అంచు లేచి ఉంటుంది. ఇది తెలియాలంటే వాన పడుతుండగానే తిరగాలి. ఆగాక వెళ్తే మరక తప్ప ఏమీ కనపడదు.

రోడ్ల సర్వేకు 0 నుంచి 100 మార్కుల పేవ్‌మెంట్ కండిషన్ సూచీ ఉంది, ఏఎస్‌టీఎం డి6433 అనే ప్రమాణం ప్రకారం. పగుళ్ల రకం, తీవ్రత, విస్తీర్ణం చూసి మార్కులు తగ్గిస్తారు. నిలువుగా పోయిన ఒంటి పగులు వేరు, మొసలి చర్మంలా అల్లుకున్న పగుళ్లు వేరు. మొదటిదాన్ని శుభ్రం చేసి, పూర్తిగా ఆరబెట్టి, సీలెంటు నింపితే నీరు దిగదు. రెండోది కింద పునాది చచ్చిందని చెబుతుంది. దాని మీద 40 మి.మీ. తారు పరిస్తే త్వరలోనే ఆ అల్లిక అలాగే పైకి తేలుతుంది. అన్నిటికంటే చెడ్డ రోడ్డు ముందు బాగుచేయాలని ఒత్తిడి వస్తుంది. నేను ఒప్పుకోలేదు. ఉన్న డబ్బంతా రెండు చచ్చిన రోడ్లకు పెడితే, ఈ ఏడు సీలెంటుతో నిలిచే ఇరవై రోడ్లు చచ్చినవాటిలో చేరతాయి. చెడ్డ రోడ్డు మీద గుంతలు పూడుస్తూ ప్రయాణానికి వీలుగా ఉంచి, దాని కింద పైపులు మార్చే ఏడాదికే పూర్తి పని పెట్టాను.

తారు వేసే రోజుకు లెక్క ముందే వేసుకోవాలి. ఒక కిలోమీటరు పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, 40 మి.మీ. మందం అంటే 220 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.35 టన్నుల చొప్పున 517 టన్నులు. సాయంత్రానికి లారీ చీటీలు కూడితే 450 టన్నులే వచ్చాయనుకోండి, మందం సగటున 35 మి.మీ.కు పడిపోయిందని కోర్ (రోడ్డులోంచి కోసి తీసే నమూనా ముక్క) తీయకుండానే తెలుస్తుంది. చీటీలు ఎవరి దగ్గర ఉంటాయన్నది అందుకే ముఖ్యం. అవి లారీ ఖాళీ అయినప్పుడే మన ఇన్‌స్పెక్టరు చేతికి రావాలి.

ట్యాక్ కోటు, అంటే పొరలు అతుక్కోవడానికి వేసే నీళ్లు కలిసిన తారు ఎమల్షన్, చల్లినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లగా మారుతుంది. ఆ నలుపు రాకముందే తారు పరిస్తే పొరలు అతుక్కోవు, బండ్లు బ్రేకు వేసే చోట నెలవంక ఆకారంలో చిరుగుతాయి. మిక్సు (తారు, కంకర మిశ్రమం) వేడిని లారీ మీద పైపైన కాదు, లోపలికి థర్మామీటరు గుచ్చి చూడాలి. చల్లబడి 90 డిగ్రీల దరిదాపులకు వచ్చేలోగా ప్రధాన రోలింగు అయిపోవాలి. ఆ తరవాత ఎంత తిప్పినా కంకర నలగడమే తప్ప గాలి ఖాళీలు తగ్గవు. రోలింగు అయ్యాక ఖాళీలు 8 శాతం దాటితే నీరు లోపల దారి చేసుకుంటుంది. సన్నని పొర త్వరగా చల్లారుతుంది, గాలి వీస్తే మరీను. మందం దొంగిలిస్తే గట్టిదనం కూడా పోతుందని చెప్పేది ఇందుకే.

గుంతల పని చిన్నదే గానీ చెడిపోవడానికి ఎప్పుడూ ఒకటే కారణం. గుండ్రని గుంతలో తారు పోసి పారతో తట్టడం. అంచులు నిలువుగా, నలుచదరంగా కోసి, వదులు కంకర, నీరు తీసేసి, అంచులకు కూడా ట్యాక్ పూసి, 75 మి.మీ. మించని పొరలుగా వేసి, ఒక్కో పొరా ప్లేట్ కంపాక్టర్‌తో కొట్టాలి. చివరి పొర చుట్టూ ఉన్న రోడ్డు కంటే నాలుగైదు మి.మీ. ఎత్తు ఉంచాలి, బండ్లు దాన్ని అణుస్తాయి. అదే చోట మూడోసారి గుంత పడితే రిజిస్టరులో ఎర్ర గీత పెట్టి, కింద పైపు కారుతోందా అని తవ్వి చూస్తాం.

కాంట్రాక్టరు పూచీ గడువు ముగియడానికి రెండు నెలల ముందు, వాన వెలిసిన గంటలో ఆ రోడ్డంతా నడవాలి. నీరు నిలిచిన చోట తెల్ల రంగుతో గీత గీసి, లోతు కొలిచి, పాత ట్రెంచి ఫొటోలతో సరిపోల్చి నోటీసు రాయాలి. గడువు చివరి రోజున రాస్తే సరిచేయడానికి పొడి రోజులు మిగలవు. సరిచేసిన చోట మళ్లీ వాన పడేదాకా పూచీ సొమ్ము విడుదల చీటీ మీద సంతకం పెట్టను.