సర్వీస్ చేసిన మర్నాటి నుంచి ఊగుతున్న ఆల్టో

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బండి 2009 ఆల్టో, 796 సీసీ, మూడు సిలిండర్లు, పాత ఓఆర్ నంబరు ప్లేటు. సర్వీస్ నేనే చేసుకుంటాను. డబ్బు ఆదా కోసమని ఇంట్లో చెప్తాను గానీ అసలు కారణం సరదా.

ఆదివారం. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్చాను. అక్కడితో ఆగాల్సింది. చేతులెలాగూ నల్లబడ్డాయి కదా అని థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి పోయే గాలిని తగ్గించి పెంచే భాగం) కూడా విప్పి స్ప్రేతో కడిగాను. బ్యాటరీ టెర్మినళ్లు గీకి పెట్టాను. సాయంత్రానికి స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

సోమవారం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంది. బజారుకి వెళ్లొచ్చేసరికి మొదలైంది: స్లోలో నిలబెడితే ఊఁ అని లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. బండి కంప్యూటర్‌ని చదివే బ్లూటూత్ స్కానర్ పెడితే ఈ పాత బండి దానితో మాట్లాడలేదు. మీటర్ బోర్డులో ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) ముల్లు కూడా లేదు.

ముల్లు లేని లోటు ఫోన్‌తో తీర్చుకున్నాను. వైబ్రేషన్ కొలిచే యాప్ ఒకటి వేసి, ఫోన్‌ని డాష్‌బోర్డుకి టేపుతో గట్టిగా అంటించాను. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకి ఒకసారి ప్రతి సిలిండరూ పేలుతుంది. మూడు సిలిండర్లంటే చుట్టుకి ఒకటిన్నర పేలుళ్లు. కాబట్టి యాప్ చూపించిన హెర్ట్జ్‌ని (సెకనుకి ఎన్ని ఊపులో ఆ అంకెని) 40తో హెచ్చిస్తే ఆర్పీఎం. యాప్ గ్రాఫులో దానికన్నా తక్కువ హెర్ట్జ్ దగ్గర ఇంకో శిఖరం కనిపిస్తుంది, అది చుట్టుకి ఒక ఊపు. మొదటిది దీనికి ఒకటిన్నర రెట్లుంటే లెక్క సరిపోయినట్టే. నాకు 28 నుంచి 40 మధ్య ఊగింది. అంటే 1120 నుంచి 1600. ఉండాల్సింది 900కి అటూ ఇటూగా.

మంగళ, బుధవారాలు వృథా. స్ప్రే లోపలికి పోయి ఐడిల్ వాల్వ్ (స్లోలో ఇంజిన్‌కి గాలి అందించేది) పాడయిందని నాకు నేనే తీర్మానించుకుని రెండుసార్లు విప్పి కడిగాను. యాక్సిలరేటర్ కేబుల్ వదులు చూశాను, బాగానే ఉంది.

గురువారం విసుగొచ్చి ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. "హెబొ, హెబొ ఆగ్యా" అన్నాడు మెకానిక్ (అయిపోతుందండీ అని, ఒడిశా మెకానిక్‌లందరి తారకమంత్రం ఇదే). థ్రాటిల్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పాడు. ఊపు తగ్గింది, కానీ 33 దగ్గర, అంటే 1300 పైనే నిలబడింది. తిప్పిన స్క్రూ తల మీద ఫ్యాక్టరీ పెయింటు చుక్క చిట్లడం చూశాను. మనసు చివుక్కుమంది గానీ ఏమీ అనలేకపోయాను.

శుక్రవారం రాత్రి కాగితం మీద రాసుకుంటే కొంత తెలిసింది. చల్లగా ఉన్నప్పుడు లేని ఊపు వేడెక్కాకే ఎందుకు? ఈ ఇంజిన్ మానిఫోల్డులోని (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలోని) ఒత్తిడిని చూసి పెట్రోలు పోస్తుంది. ఎక్కడైనా పైపు చీలి దొంగగాలి దూరినా, ఆ గాలికి కూడా లెక్కగా పెట్రోలు పోస్తుంది. అందుకే నత్తినత్తిగా కొట్టుకోకుండా హుషారుగా రేస్ అవుతుంది. కాలు తీసేసి ఉన్నా చుట్లు ఎక్కువైతే కంప్యూటర్ పెట్రోలు కట్ చేస్తుంది. కింద పడగానే మళ్లీ ఇస్తుంది. అదే ఊపు. చల్ల ఇంజిన్‌కి ఆ కట్ చేసే హద్దు పైన ఉంటుంది కాబట్టి పొద్దున తెలియలేదు. అంటే వాల్వ్ పాపం ఏమీ చేయలేదు, ఎక్కడో గాలి లాగుతోంది.

శనివారం పాతపట్నం నుంచి బావ వచ్చాడు. "అగరొత్తి వెలిగించు, పొగ ఎటు పోతే అక్కడే లీకు" అన్నాడు. పెట్రోలు పైపుల పక్కన నిప్పు వద్దు బావా అని పక్కన పెట్టించాను. మొక్కలకి నీళ్లు చల్లే స్ప్రే సీసా తెచ్చి, ఫ్యాను, కరెంటు కనెక్టర్లు తప్పించి, లీకు మీద నీళ్లు పడితే ఇంజిన్ ఊపు మారుతుందని ఒక్కో పైపు మీద తుంపర కొట్టాను. ఏమీ తేలలేదు. తర్వాత ముక్కు ప్లయర్‌కి గుడ్డ చుట్టి పైపుల్ని ఒక్కొక్కటిగా నొక్కాను. హెడ్ కవర్ నుంచి మానిఫోల్డుకి వెళ్లే పీసీవీ పైపుని (ఇంజిన్‌లోని ఆయిల్ ఆవిరిని తిరిగి లోపలికి పంపేది) మానిఫోల్డు వైపు చివర నొక్కగానే ఇంజిన్ ఒక్కసారిగా దిగి దాదాపు ఆగబోయింది. పైపు విప్పి చూస్తే వంపు కింది వైపున బొటనవేలి గోరంత చీలిక. పైనుంచి కనపడదు, నీళ్లూ తగలలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లాగినప్పుడు రాయిలా గట్టిపడిన రబ్బరుని చీల్చింది నేనే.

కొత్త పైపు పాతపట్నంలో దొరికింది, రెండొందల్లోపే. నీళ్ల పైపు పెట్టకండి: ఆయిల్ ఆవిరికి ఉబ్బుతుంది, మెత్తగా ఉంటే లోపలి వాక్యూమ్‌కి నొక్కుకుపోయి అతుక్కుపోతుంది. ఆయిల్‌కి ఆగే మందపాటిదే అడగాలి.

బిగించాక ఊపు పోయింది. కానీ వచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర బ్రేకు మీద కాలు వేయగానే ఇంజిన్ ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్, నాకు టెన్షన్. ఫోన్‌లో 16, అంటే 640. గురువారం తిప్పిన స్క్రూ ఇప్పుడు బయటపడిందన్నమాట. అది స్లో పెంచే స్క్రూ కాదు, థ్రాటిల్ రేకు పూర్తిగా మూసుకుని గోడకి ఇరుక్కోకుండా ఆపే స్క్రూ. చిట్లిన పెయింటు రెండు ముక్కలూ మళ్లీ ఎదురెదురుగా వచ్చేదాకా వెనక్కి తిప్పాను. కంప్యూటర్ స్లో లెక్కని మళ్లీ మొదటి నుంచి నేర్చుకునేలా బ్యాటరీ నెగెటివ్ తీసి పావుగంట ఆగి తగిలించాను. స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తాకకుండా ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా వదిలేశాను. తర్వాత హెడ్‌లైట్లు, ఆ తర్వాత ఏసీ.

ఇప్పటి లెక్క: వేడి మీద 22, అంటే 880. హెడ్‌లైట్లు వేస్తే ఒక్క క్షణం 21కి పడి లేస్తోంది. గేటు దగ్గర మూడుసార్లు బండి ఆపి చూశాను, ఇంజిన్ ఆగలేదు.

బావకి ఆ ఫోన్ లెక్క నచ్చింది. తన డీజిల్ ఆటోకి పెట్టమన్నాడు. ఒకే సిలిండరు కాబట్టి 40 బదులు 120తో హెచ్చించాలని చెప్పి, హ్యాండిల్ పక్కన అంటించి స్టార్ట్ చేయమన్నాను. టేపు ఊడి ఫోన్ ఆయన కాళ్ల దగ్గర పడింది.