టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరైతే ప్రమోషన్లు ఎలా వస్తాయి? మన గోదావరి జిల్లాల కుర్రోళ్ళ కోసం

2025 మేలో టెరిటోరియల్ ఆర్మీని (టీఏ అంటారు) అవసరమైతే పిలిపించుకోమని ఆర్మీ చీఫ్‌కి కేంద్రం పవర్ ఇచ్చింది కదా, అప్పట్నించీ భీమవరం, పాలకొల్లు వైపు మనోళ్ళు అడగడం ఎక్కువైంది, ఉద్యోగం చేస్కుంటూ ఆర్మీ ఆఫీసర్ అవ్వొచ్చంట కదా అన్నా, నిజమేనా అని. నిజమే. 18 నుంచి 42 ఏళ్ళ లోపు ఉండాలి, డిగ్రీ ఉండాలి, సొంత సంపాదన ఉండాలి, అమ్మాయిలు కూడా రాయొచ్చు. అయితే అందరూ సెలక్షన్ గురించే అడుగుతున్నారు, లెఫ్టినెంట్ (ఆఫీసర్‌కి మొదటి ర్యాంకు) అయ్యాక సంగతేంటి అని ఒక్కళ్ళూ అడగట్లేదు, నాకు చెప్పాలనుంది అదే.

మా మేనత్త కొడుకు టీఏలో ఆఫీసర్, మామూలు రోజుల్లో కాలేజీలో లెక్చరర్. బావ మాట ఒక్కటే: "స్టార్లు భుజం మీదకి రావాలంటే ముందు కేలండర్ మన చేతిలో ఉండాల్రా." ఎందుకంటే కమిషన్ వచ్చిన, అంటే ఆఫీసర్‌గా తీసుకున్న మొదటేడు నెల రోజులు బేసిక్ ట్రైనింగ్, అదిగాక ఏటా రెండు నెలల క్యాంపు, మొదటి రెండేళ్ళ లోపు ఇంకో మూడు నెలల పోస్ట్ కమిషన్ ట్రైనింగ్. వీటిల్లో ఏదీ నీ ఇష్టం కాదు. లెఫ్టినెంట్ కల్నల్ దాకా ప్రమోషన్ టైమ్ స్కేల్ మీదే, అంటే ఇన్నేళ్ళ సర్వీసుకి ఈ ర్యాంకు అన్న లెక్క మీదే వస్తుంది, కానీ ఏళ్ళు గడిస్తే చాలదు, వాళ్ళు పెట్టిన అర్హతలు కూడా పూర్తి చెయ్యాలి. ఆ పైన కల్నల్, బ్రిగేడియర్ అయితే పూర్తిగా సెలక్షనే, చాలా కొద్దిమందికే.

రెగ్యులర్ ఆర్మీలో రెండేళ్ళకి కెప్టెన్, ఆరేళ్ళకి మేజర్, 13 ఏళ్ళకి లెఫ్టినెంట్ కల్నల్ అని అందరికీ తెల్సిన లెక్క, దాన్ని పట్టుకొచ్చి ఇక్కడ కూడా అంతే అనుకోకండి. అనురాగ్ ఠాకూర్ గారు 2016లో టీఏలో లెఫ్టినెంట్ అయ్యి కెప్టెన్ అయ్యేసరికి 2021 వచ్చింది, కేంద్ర మంత్రిగా ఉన్నా సరే. ఓపిక లేనోళ్ళకి ఇది కుదరదు అని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. ఆక్వా చేసే కుర్రోళ్ళు చాలామంది అడిగారు. సొంత వ్యాపారం కూడా సంపాదన కిందకే వస్తుంది, రిటర్నులు వేసి చూపించుకోండి, అదేం ఇబ్బంది కాదు. ఇబ్బంది చెరువు దగ్గర. వనామీ రొయ్య సీడ్ వదిలాక మూడు నాలుగు నెలలు మనిషి కదలడానికి ఉండదు, తెల్లారగట్ల డీవో (నీళ్ళలో ఆక్సిజన్) పడిపోతే ఏరేటర్లు వేసేది ఎవరు, చెక్‌ట్రే ఎత్తి మేత మిగిలిందా తినేసిందా చూసేది ఎవరు, కరెంటు పోతే జనరేటర్ తిప్పేది ఎవరు? ఆ టైమ్‌లోనే క్యాంపు పడితే మరి? తమ్ముడో, నమ్మకమైన గుమాస్తానో ఉండి పట్టుబడి దాకా చూస్కుంటానంటేనే అప్లై చెయ్యండి, లేకపోతే ఇంట్లో రోజూ గొడవే, అది చూసి చూసి చెప్తున్నా. ఉద్యోగస్థులకి కాస్త నయం, మిలటరీ సర్వీసుకి పిలిస్తే తిరిగొచ్చాక పాత ఉద్యోగం ఇవ్వాలని 1948 టీఏ చట్టంలోనే ఉంది. గవర్నమెంట్ వాళ్ళయితే డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ముందే తెచ్చుకోవాలి, దానికోసం తిరగడానికి టైమ్ పడుతుంది, ఆలస్యం చెయ్యొద్దు. రాజమండ్రి ఓఎన్జీసీలో చేసేవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది, ఆ సంస్థ ఉద్యోగుల కోసమే 811 ఇంజనీర్ రెజిమెంట్ అని వడోదరలో టీఏ యూనిట్ ఉంది.

జీతం మీద చాలామందికి భ్రమ ఉంది. లెఫ్టినెంట్ బేసిక్ 56,100, దానికి మిలటరీ సర్వీస్ పే 15,500 కలుస్తుంది, కెప్టెన్‌కి 61,300, మేజర్‌కి 69,400 నుంచి మొదలు, లెఫ్టినెంట్ కల్నల్ అయితే 1,21,200. రెగ్యులర్ వాళ్ళతో సమానమే, కాకపోతే ట్రైనింగ్‌లో గానీ పిలిచి డ్యూటీలో పెట్టినప్పుడు గానీ మాత్రమే, మిగతా నెలల్లో రూపాయి రాదు. పెన్షన్‌కి కూడా గ్యారంటీ లేదు, ఆఫీసర్‌కి యూనిఫాంలో నిజంగా పనిచేసిన కాలమే కలిపి 20 ఏళ్ళు అవ్వాలి. ఏడాదికి రెండు నెలల చొప్పున లెక్కేస్తే ఎంతకవుతుందో మీరే చూడండి. అందుకే చేస్తున్న ఉద్యోగం మానేసి దీంట్లోకి దూకొద్దు, పెళ్ళి సంబంధాల్లో కూడా ఇది నెలజీతం ఉద్యోగం అని చెప్పొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంత చెప్పినా వెళ్ళమనే అంటాను. తాడేపల్లిగూడెం పక్కన మిలటరీ మాధవరం చూడండి, తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు, రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళారు. పొలం, ఇల్లు వదల్లేని పరిస్థితిలో ఉన్నవాళ్ళకి కూడా ఆ యూనిఫాం వేస్కునే అవకాశం టీఏ ఇస్తుంది, అది మామూలు విషయం కాదండి. నోటిఫికేషన్ పడితే రాతపరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ బోర్డు, ఆ పైన ఎస్ఎస్బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు), మెడికల్, ఈ వరసలో ఉంటాయి. ఇప్పట్నించే రన్నింగ్ మొదలెట్టండి, ఇంట్లో వాళ్ళతో కూర్చుని ఏటా ఆ రెండు నెలలు ఎవరేం చూస్కుంటారో మాట్లాడుకోండి, పేపర్లకి ఏం కావాలో డౌట్లుంటే కింద రాయండి, బావని అడిగి జవాబు పెడతా.