మా బాపు, పీఈటీ సారు

మా బాపు పోయిన కార్తీకంలో కన్నుమూశారు. వరంగల్ చుట్టుపక్కల నాలుగైదు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆరోగ్యం సహకరించినన్నాళ్ళూ సాయంత్రం పూట పిల్లలకు పరుగు నేర్పిన ఆయనను ఊరంతా పీఈటీ సారు అనే పిలిచేది. దశదిన కర్మకు వచ్చినవారిలో మా చుట్టాల కంటే ఆయన దగ్గర పరుగెత్తినవాళ్ళే ఎక్కువ. వాళ్ళు చెప్పినవీ, మేము ఇంట్లో చూసినవీ ఒకచోట రాసి ఉంచాలనిపించింది.

బడి మైదానంలో ట్రాక్ గీయడం ఆయనకు ఎంతో ఇష్టమైన పని. మేకు పాతి, తాడు కట్టి, పిల్లల చేతనే వంపు తిప్పించి, దాని వెంట సున్నం పోయించేవారు. బయటి లేనులో (ట్రాక్ మీద ఒక్కొక్కరు పరుగెత్తే గీతల మధ్య దారిలో) నిలబడ్డవాడు ముందు నుంచి ఎందుకు బయలుదేరాలని ఎవరైనా అడిగితే ఇక ఆ రోజు పరుగు ఆగిపోయి లెక్కల పాఠం మొదలయ్యేది. లేను వెడల్పు 1.22 మీటర్లు కాబట్టి, పూర్తి చుట్టుకు రెండో లేనువాడు 7.04 మీటర్లు, ఆపైన ఒక్కో లేనుకు మరో 7.67 మీటర్లు ముందు నిలబడాలని, ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదని నేల మీద పుల్లతో గీసి చూపించేవారు. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా ఆ లెక్కను మాత్రం మరిచిపోలేదు.

అయితే పరుగు నేర్పడం కంటే కష్టమైన పని తల్లిదండ్రులను ఒప్పించడమేనని నా అభిప్రాయం. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లను మైదానానికి పంపడానికి వెనకాడే ఇళ్ళకు ఆయన అమ్మను వెంటబెట్టుకొని వెళ్ళి, అరుగు మీద కూర్చొని, ‘చీకటి పడకముందే మీ బిడ్డ ఇంట్లో ఉంటది, ఆ పూచీ నాది’ అని చెప్పి వచ్చేవారు. ఆ మాట కోసమే ఆఖరి పిల్ల ఆటో ఎక్కేదాకా ఆయన గేటు దగ్గర నుంచి కదిలేవారు కాదు. ఖాళీ కడుపుతో ఎవరూ పరుగెత్తకూడదని అమ్మ రోజూ పెద్ద గిన్నెడు శనగ గుడాలు ఉడికించి పంపేది, ఆ శనగల ఖర్చు బాపు జీతంలోనిదే.

ఇంట్లోనూ ఆయన తీరు అదే. అంగన్‌వాడీ పనికి అమ్మ పొద్దున్నే వెళ్ళిపోయేది కాబట్టి నాకూ చెల్లెకూ రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది బాపే. నాయనమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు స్నానం చేయించడం, అన్నం కలిపి తినిపించడం ఎవరికీ వదలకుండా తానే చేశారు. ఆ రోజుల్లో జిల్లా స్థాయి పోటీలకు పిల్లలను తీసుకువెళ్ళినా రాత్రికి ఇల్లు చేరేవారు.

2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు ఆయన ఆనందం ఇంతా అంతా కాదు. మహిళల 1500 మీటర్ల పరుగును హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి చెక్కుచెదరని సునీతారాణి జాతీయ రికార్డును దాటేయడం మన ఊరి గడ్డ మీదే జరిగిందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం గెలిచిన రాత్రి టీవీ ముందు కూర్చొని కళ్ళు తుడుచుకున్నారు. ఆ అమ్మాయికి ఆయన ఏమీ నేర్పలేదు, అయినా మన పల్లె పిల్ల అన్న ఒక్క మాట చాలు ఆయనకు.

ఆయన పోయాక బీరువాలో పొడుగాటి నోటుపుస్తకాలు దొరికాయి. ఒక్కో పిల్లకూ, పిల్లవాడికీ ఒక్కో పేజీ ఉంది. తేదీ, దూరం, స్టాప్‌వాచ్ చూపిన సమయం, పక్కనే ‘షూ బిగుతు’, ‘రాత్రి నిద్ర లేదు, తండ్రి బొంబాయి పోయిండు’, ‘మోకాలు నొప్పి, వారం ఆపాలి’ అని చిన్న అక్షరాలు. వాటి మధ్యలోనే, అదే నీలి సిరాతో, అమ్మ బీపీ అంకెలు, మా ఇద్దరి ఎత్తులు, నాయనమ్మ మందుల వేళలు ఉన్నాయి. ఇంటి లెక్కకు వేరే పుస్తకం ఆయన పెట్టుకోలేదు.

ఈ పుస్తకాలను అటక మీద దాచి ఉంచడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. ఎవరి పేజీ వాళ్ళకు నకలు తీసి ఇవ్వాలని నిర్ణయించుకున్నాం. ఆయన దగ్గర పరుగెత్తినవాళ్ళు ఇది చదివితే, ఏ బడిలో ఏ సంవత్సరం చదివారో గుర్తుచేసుకొని ఇంటికి రండి. పేజీలు బడుల వారీగా పేర్చి ఉన్నాయి, అమ్మ సాయంత్రం పూట ఇంట్లోనే ఉంటుంది.