పోస్టులో వచ్చిన ఇరవై డాలర్లు

2023 మార్చిలో ఒక శనివారం రాత్రి భోజనం చేసి పడుకున్నాక కుడి డొక్క కింద నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాను. ఈనో తాగాను, కాస్త వాము నమిలాను. రెండు గంటలప్పుడు ఆ నొప్పి వీపు వైపుకి పాకి కుడి భుజం వెనక పొడవడం మొదలుపెట్టింది. "హాస్పిటల్‌కి వెళ్దాం, లే" అన్నారు మా ఆయన. "రేపు చర్చి అయ్యాక చూద్దాంలెండి" అన్నాను. నొప్పి కన్నా బిల్లు ఎక్కువ భయపెట్టింది నన్ను.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. 2021లో మా ఆయన ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టారు. దాంతో కంపెనీ ఇన్సూరెన్స్ పోయింది. బయట కొనాలంటే నలుగురికీ కలిపి నెలకి 1,400 డాలర్ల పైమాటే అని చూసి గుండె జారింది. అప్పుడే మా తెలుగు చర్చిలో ఒక అక్క సభ్యులు ఒకరి ఆసుపత్రి బిల్లులు ఒకరు పంచుకునే క్రిస్టియన్ హెల్త్ షేరింగ్ గురించి చెప్పింది. నెలకి 500 లోపే. 2022 జనవరిలో చేరిపోయాం.

అది నడిచే పద్ధతి నాకు చాలా నచ్చింది. ఈ నెల మన వంతు డబ్బు ఎవరికి పంపాలో పేరు, అడ్రసు ఇస్తారు. చెక్కు రాసి, కార్డు మీద ఒక వాక్యం రాసి పోస్టులో వేస్తాం. ఒక నెల చెయ్యి విరిగిన పిల్లాడికి, ఇంకో నెల కాన్పయిన తల్లికి. కార్డుల మీద మా పిల్లలచేత పువ్వులు వేయించేదాన్ని. నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ అనే లూథరన్ డాక్టరమ్మ పేరు మీద ఉన్న ఆసుపత్రి అది. వైద్యం, సంఘం వేరువేరని నాకు చిన్నప్పుడు ఎప్పుడూ అనిపించలేదు. "ఒకని భారముల నొకడు భరించి" అనే బైబిల్లోని గలతీ పత్రిక మాట సండే స్కూల్లో కంఠతా పట్టాను. షేరింగ్ కాగితాల్లో మొదటి పేజీలో అదే మాట ఉంది. కింద ఇంకో మాట కూడా ఉంది: ఇది ఇన్సూరెన్స్ కాదు, మీ బిల్లులు కట్టాల్సిన బాధ్యత ఎవరికీ లేదు అని. టెక్సాస్ చట్టం ప్రకారం ఆ సంగతి చెప్పి తీరాలి. చదివాను. చదివి కూడా సంతకం పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నానికి చలిజ్వరం వచ్చేసింది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. "అమ్మా, నీ కళ్ళు పచ్చగా ఉన్నాయి" అన్నాడు మా చిన్నాడు. ఇక ఆగలేదు.

ఎమర్జెన్సీలో కౌంటర్ దగ్గర అమ్మాయి ఇన్సూరెన్స్ కార్డు అడిగింది. షేరింగ్ కార్డు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా కంప్యూటర్‌లో "సెల్ఫ్ పే", అంటే సొంతంగా కట్టుకునేవాళ్ళు, అని కొట్టింది. వంగిపోయి నిలబడి ఉన్నా ఆ రెండు మాటలు నాకు స్పష్టంగా కనపడ్డాయి. లోపల డాక్టరు పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి నొక్కి, గట్టిగా ఊపిరి తీసుకోమంది. సగం తీసుకునేసరికి ఊపిరి ఆగిపోయింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, అందులో ఒకటి జారి పైత్యనాళంలో ఇరుక్కుంది, ఇన్ఫెక్షన్ మొదలైంది. సోమవారం ఎండోస్కోపీతో ఆ రాయి తీశారు. బుధవారం లాప్రోస్కోపీ చేసి గాల్‌బ్లాడర్ తీసేశారు. ఇంకో రోజు ఆలస్యం చేసి ఉంటే రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకేదని చెప్పారు. శనివారం రాత్రి "చర్చి అయ్యాక చూద్దాం" అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు. దగ్గొస్తే దిండు గుండెకి హత్తుకుని దగ్గేదాన్ని. పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల రెండు రోజులు భుజాలు లాగేశాయి. చర్చి వాళ్ళు రెండు వారాలు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. ఇడ్లీ, చారన్నం, బీరకాయ కూర. నెల తిరిగేసరికి పార్కు చుట్టూ నడవగలిగాను. ఒళ్ళు తొందరగానే కోలుకుంది.

బిల్లు 68,000 డాలర్లు. సొంతంగా కట్టేవాళ్ళకని తగ్గిస్తే 41,000. షేరింగ్‌కి పంపాం. మూడేళ్ళ మెడికల్ రికార్డులు పంపమన్నారు. 2021 డిసెంబర్లో గుంటూరు వెళ్ళినప్పుడు హెల్త్ చెకప్‌లో తీసిన స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్‌లో చిన్న రాయి ఉందని ఒక్క లైను రాశారు. నొప్పేమీ లేదు కాబట్టి నేను మర్చిపోయాను. కానీ ఆ మాట ఇక్కడి డాక్టరుకి ఒకసారి చెప్పానట, ఆయన రాసుకున్నాడు. జూన్‌లో ఉత్తరం వచ్చింది: చేరకముందే ఉన్న జబ్బు కాబట్టి షేర్ చేయలేము. చివర్లో, మీ కోసం ప్రార్థిస్తున్నాం అని.

తేడా అప్పుడు తెలిసింది. అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే అమెరికా ఇన్సూరెన్స్ చట్టం వచ్చాక, 2014 నుంచి ఆ చట్టం కింద అమ్మే ప్లాన్‌లలో పాత జబ్బు పేరు చెప్పి కాదనడానికి వీల్లేదు. కాదంటే అప్పీలు చేయొచ్చు, ఆ కంపెనీతో సంబంధం లేని బయటి వాళ్ళచేత మళ్ళీ చూపించొచ్చు. 2023లో నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలో, ఒక మనిషి జేబులోంచి పోయేది ఎక్కువలో ఎక్కువ 9,100 డాలర్లు. షేరింగ్‌కి ఈ నియమాలేవీ వర్తించవు. మా అప్పీలు చూసింది కూడా వాళ్ళ సభ్యులే. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి ఫోన్ చేస్తే, అది ఇన్సూరెన్స్ కాదు కాబట్టి మా పరిధిలోకి రాదన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ దివాలా తీస్తే ఆదుకోవడానికి రాష్ట్రంలో గ్యారంటీ ఫండ్ ఉంటుంది. షారిటీ మినిస్ట్రీస్ అనే షేరింగ్ సంస్థ 2021లో దివాలా తీసినప్పుడు దాని సభ్యులకి అలాంటి దిక్కు లేదు. బిల్లులు వాళ్ళ నెత్తి మీదే పడ్డాయి.

పాత జబ్బని కాదన్న వాళ్ళ పేర్లు ప్రార్థన లిస్టులో పెడతారు, ఇష్టమైన వాళ్ళు పంపొచ్చు. ఆ వేసవిలో నాకు 14 కార్డులు వచ్చాయి. అన్నీ కలిపి 385 డాలర్లు. ఒక కార్డులో వణికే చేతిరాతతో నాలుగు లైన్లు, ఇరవై డాలర్ల చెక్కు. ఆవిడ ఎవరో, ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. వంటింట్లో నిలబడి ఆ కార్డు పట్టుకుని ఏడ్చాను. ఆ మనుషుల ప్రేమ మీద నాకు ఇప్పటికీ రవ్వంత అనుమానం లేదు. 41,000 మాత్రం అలాగే ఉంది.

దారి చూపించింది మా చర్చిలోనే ఉన్న ఒక నర్సు అక్క. "నాన్‌ప్రాఫిట్ హాస్పిటల్ కదా, ఫైనాన్షియల్ అసిస్టెన్స్‌కి అప్లై చెయ్యమ్మా" అంది. ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి లాభాపేక్ష లేని ఆసుపత్రులకి బిల్లు తగ్గించే ఆ ఏర్పాటు ఉండాలట, మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల్లోపు పెట్టుకునే అప్లికేషన్ తీసుకోవాలట. ట్యాక్స్ కాగితాలన్నీ పెట్టాం. 11,000కి తగ్గించారు. నెలకి 180 చొప్పున కడుతున్నాం.

షేరింగ్ మానేసి వెంటనే ఇన్సూరెన్స్ తీసుకుందామంటే అదీ కుదరలేదు. ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ పోతే మధ్యలో చేరనిస్తారు. షేరింగ్ ఇన్సూరెన్స్ లెక్కలోకి రాదు కాబట్టి దాన్ని వదిలితే చేరనివ్వరు. ఏటా అందరికీ చేరికలు మొదలయ్యే నవంబరు 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నెలలన్నీ పిల్లలు సైకిల్ ఎక్కినా టెన్షనే. నవంబర్లో ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఈసారి మా ఆదాయం వివరాలు కూడా నింపి చూస్తే ప్రభుత్వం ఇచ్చే ట్యాక్స్ క్రెడిట్ పోను నెలకి 640 వచ్చింది. 2021లో రేటు చూసి భయపడి ఆ పేజీ దాకా వెళ్ళనే లేదు మేము.

ఇరవై డాలర్లు పంపిన ఆవిడకి అప్పటినుంచీ కార్డులు రాస్తున్నాను. పోయిన క్రిస్మస్‌కి జవాబు రాసింది. తనకి అరవై రెండేళ్ళని, అరవై ఐదేళ్ళకి వచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్‌కి ఇంకా మూడేళ్ళు ఆగాలని, మోకాలు పీకుతోందని, డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళలేదని. మా అమ్మాయి కార్డు మీద బంతిపూలు వేసింది. దాని వెనక నవంబరు 1 అన్న తేదీ, హెల్త్‌కేర్ డాట్ గవ్ అన్న పేరు పెద్ద అక్షరాలతో రాసి, నా ఫోన్ నంబరు కూడా పెట్టి పోస్టులో వేశాను.