అమ్మ బొటనవేలు

"సంతకం పెట్టెయ్ పాపా, అన్నతో ఏంటికి గొడవ?" అంది అమ్మ, అనంతపురంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర చెట్టు కింద. చేనులో నా వాటా అన్నకు వదిలేసే కాగితం అది.

అంతకుముందే మెషీన్ మీద ఆమె బొటనవేలు మూడుసార్లు పడలేదు. ఇన్నేళ్లూ విత్తనానికి శెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలే అరిగిపోయాయి. ఆ చేను పాసుపుస్తకంలో మాత్రం ఏనాడూ ఆమె పేరు లేదు.

తాతల నాటి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు 1986 చట్టంతోనే వచ్చింది. 2005లో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. అయినా వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందనే భయం మాకు పోలేదు. అన్న మంచోడే. నన్నొక మాట అడగాలని కూడా తోచలేదు చూడండి, అదీ నా బాధ.

సంతకం పెట్టలేదు.

బస్సులో అమ్మ మాట్లాడలేదు. కూడేరు దాటాక నా చెయ్యి పట్టుకుంది, ఆ గరుకు వేళ్లతోనే.