లోడు పడితే గానీ నోరు విప్పని అతుకులు

ఒకే వారంలో రెండు పరికరాలు నన్ను ఒకే విధంగా బురిడీ కొట్టించాయి. మొదటిది బ్యాటరీతో నడిచే డ్రిల్లు. ఛార్జరు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది, మల్టీమీటరు 20 వోల్టులకు పైగానే చూపింది, గాలిలో తిప్పితే డ్రిల్లు చక్కగా తిరిగింది. గోడకు ఆనించి నొక్కగానే మాత్రం రెండు క్షణాలు మూలిగి ఆగిపోయింది. రెండవది గీజరు సాకెట్. అందులో వోల్టేజి 231 అని అదే మీటరు నిక్కచ్చిగా చెప్పింది, నీళ్ళు కూడా ఎప్పటిలాగే కాగుతున్నాయి. అయినా పావుగంట తరువాత స్విచ్చు ఆపి ప్లగ్గు తీయబోతే వేళ్ళకు చురుక్కుమంది. రెండు చోట్లా మీటరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని సమయంలో అడిగినది నేనే.

మామూలు డిజిటల్ మల్టీమీటరు వోల్టేజిని కొలిచేటప్పుడు తన గుండా దాదాపుగా కరెంటును పోనివ్వదు. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది కనుక, 231 వోల్టుల దగ్గర అది తీసుకునే కరెంటు 23 మైక్రో ఆంపియర్లు మాత్రమే. దారిలో ఎక్కడో ఒక అతుకు చెడిపోయి 1000 ఓమ్‌ల అడ్డుగోడగా మారినా, ఆ కాస్త కరెంటుకు అక్కడ తగ్గే వోల్టేజి 0.03 దాటదు. అదే అతుకు గుండా గీజరు నడవాలంటే అసాధ్యం. అంటే మీటరులో నిండుగా కనిపించే వోల్టేజి, దారి పూర్తిగా తెగిపోలేదని చెబుతుందే తప్ప, ఆ దారి ఎంత బరువు మోయగలదో చెప్పదు.

నా గీజరు 2000 వాట్లది. 230 వోల్టుల మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్‌లోని స్క్రూ దగ్గర అతుకు నిరోధం 0.1 ఓమ్‌కు పెరిగిందనుకుందాం. అక్కడ తగ్గే వోల్టేజి ఒక వోల్టు కూడా కాదు; నీళ్ళు కాగే వేగంలో ఆ తేడాను ఎవరూ పసిగట్టలేరు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే మాత్రం ఆ స్క్రూ దగ్గర పుట్టే వేడి ఏడున్నర వాట్లని తేలుతుంది. ఇది చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. బోర్డు నుండి గీజరు వరకు 15 మీటర్ల దూరం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి ఉంటే, రానూ పోనూ 30 మీటర్ల ఆ తీగలో అదే కరెంటు వల్ల 17 వాట్ల దాకా వేడి పుడుతుంది, అది ఎవరికీ హాని చేయదు. ఎందుకంటే ఆ వేడి మీటరుకు అర వాటుకు కాస్త ఎక్కువగా, పొడవునా పరుచుకుని గాలిలోకి పోతుంది. అతుకు దగ్గరి ఏడున్నర వాట్లు మాత్రం శనగగింజంత చోట, ప్లాస్టిక్ పెట్టె లోపల, ఎటూ పోలేక పోగుపడతాయి. మామూలు పీవీసీ తొడుగు ఎల్లకాలం తట్టుకోగలిగేది 70 డిగ్రీల సెల్సియస్ వరకే. వేడెక్కిన రాగి మీద ఆక్సైడు పొర కడుతుంది, ఆ పొర నిరోధాన్ని పెంచుతుంది, పెరిగిన నిరోధం మరింత వేడిని పుట్టిస్తుంది. వేడెక్కడం, చల్లారడం అనే రోజువారీ సాగుడు కుంచించుడులో స్క్రూ పట్టు మరికాస్త సడలుతుంది.

ఎంసీబీ ఉంది కదా, పడిపోదా అని చాలామంది అడుగుతారు. పడిపోదు. ఎంసీబీ చూసేది ఎక్కువైన కరెంటును. లూజు కాంటాక్టు కరెంటును పెంచదు సరికదా, వెంట్రుకవాసి తగ్గిస్తుంది. ఆర్సీసీబీ చూసేది భూమిలోకి కారిపోయే కరెంటును; ఇక్కడ కారిపోయేదేమీ లేదు. ఇంట్లోని రెండు కాపలాదారుల కళ్ళ ముందే సాకెట్ నల్లబడగలదు.

మెయిన్ ఆపి, టెస్టరును ముందుగా కరెంటు ఉన్న మరోచోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకుని, ఆపైన ఈ సాకెట్‌లో కరెంటు లేదని నిర్ధారించుకుని పలక విప్పాను. లోపల కనిపించినది నా చేతిపనే. కొన్నేళ్ళ క్రితం ఆ పాయల తీగ కొసలు చెదిరిపోకుండా ఉండాలని, ఎంతో పనితనం చూపుతున్నానన్న ధీమాతో, వాటికి సీసం కరిగించి పోసి, ఆ గట్టిపడిన కొసను స్క్రూ కింద బిగించాను. ఆనాడు అది రాయిలా బిగిసింది. టంకపు సీసం మెత్తని లోహం. ఒత్తిడి కింద ఉంచితే నెలలు గడిచేకొద్దీ పక్కలకు మెల్లగా జరిగిపోతుంది. స్క్రూ తిరగకపోయినా దాని కింద ఉన్నది పలచబడుతుంది, పట్టు పోతుంది. పాయల తీగను స్క్రూ కింద పెట్టాలంటే కొసకు రాగి గొట్టపు తొడుగు వేసి, దానికి తగిన పట్టకారుతో నొక్కాలి. అది లేనప్పుడు పాయలను శుభ్రంగా మెలిపెట్టి, ఒక్క పాయ కూడా బయట మిగలకుండా దూర్చి బిగించడమే సీసం పోయడం కన్నా మేలు.

తీగకు తీగ అతికే విషయంలో కూడా నా అభిప్రాయం మారింది. మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింటు పనిచేయదని అనను, చేస్తుంది. కానీ వేడికి ఆ టేపు జిగురు కారి, చివర ఊడి, మెలికల బిగువు ఎంతో ఎవరికీ తెలియని స్థితి వస్తుంది. మీట ఎత్తి తీగ దూర్చి మూసే స్ప్రింగు కనెక్టర్లు, వాగో 221 రకం వంటివి, నాకు ఇష్టం. స్ప్రింగు ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది కనుక తీగ సాగినా కుంచించుకున్నా పట్టు వెంటే ఉంటుంది. తీగ తొడుగును 11 మిల్లీమీటర్లు వలవాలని వాటి మీదే గుర్తు ఉంటుంది. దాన్ని కొలిచి వలిచే ఓపిక ఉండాలి, అంతే. అల్యూమినియం తీగల కథ వేరు. వేడికి రాగి కన్నా మూడో వంతు ఎక్కువగా సాగే లోహం అది, దాని మీది ఆక్సైడు కరెంటును దాదాపుగా పోనివ్వదు. 1965 నుండి 1973 వరకు అమెరికాలో అల్యూమినియం తీగలతో కట్టిన ఇళ్ళకు వచ్చిన చిక్కులు చాలావరకు తీగ నడుమ కాదు, ఈ కొసల దగ్గరే వచ్చాయి.

ఇక డ్రిల్లు సంగతి. 360 వాట్ల పనిని 230 వోల్టుల మీద చేయిస్తే ఒకటిన్నర ఆంపియర్ల చిల్లర చాలు. అదే పనిని 18 వోల్టుల బ్యాటరీతో చేయించాలంటే 20 ఆంపియర్లు కావాలి. గీజరు కరెంటుకు ఇది రెండింతలకు మించినది, బొటనవేలి గోరంత లోహపు నాలుకల గుండా పోవాలి. అక్కడ 0.05 ఓమ్ నిరోధం చేరితే ఒక వోల్టు పోతుంది, 20 వాట్ల వేడి పుడుతుంది. ఇంటి వైరింగు క్షమించే అతుకును బ్యాటరీ పరికరం క్షమించదు. ఒక విధంగా అది మంచిదే. ఇల్లు ఏళ్ళ తరబడి దాచే తప్పును డ్రిల్లు మొదటి రంధ్రం దగ్గరే బయటపెడుతుంది.

ఆ బ్యాటరీ పెట్టె లోపల ఉన్నవి కూడా అతుకులే. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల 18650 రకం సెల్లులు ఐదింటిని వరుసగా కలిపితే, ఒక్కొక్కటి 3.6 వోల్టుల చొప్పున 18 వోల్టులు అవుతుంది. నిండుగా ఛార్జి అయినప్పుడు ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది కనుక మొత్తం 21. 18 అని ఒకరు, 20 అని మరొకరు పెట్టె మీద అచ్చువేసేది చాలావరకు ఈ ఒకే అమరిక గురించే. సెల్లు నుండి సెల్లుకు నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగుతో అతుకుతారు. టంకం వేస్తే ఆ వేడి సెల్లు లోపలికి పాకి దాన్ని పాడుచేస్తుంది. ఒక్కో సెల్లు లోపలి నిరోధం 20 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, ఐదు సెల్లుల పెట్టెలో 20 ఆంపియర్లకు రెండు వోల్టులు లోపలే ఖర్చవుతాయి. జంటలుగా పది సెల్లులు ఉన్న పెట్టెలో అది ఒక వోల్టే. పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువసేపు నడవడమే కాక డ్రిల్లు బలంగా కూడా తిరుగుతుందని పనివాళ్ళు అనే మాట భ్రమ కాదు. సెల్లు పాతబడే కొద్దీ ఈ నిరోధం పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు మీటరులో వోల్టేజి మాత్రం నిండుగానే కనిపిస్తుంది.

తప్పు బ్యాటరీదా, డ్రిల్లుదా అన్నది తేల్చడానికి నేను చేసింది చిన్న మార్పిడి. అదే బ్యాటరీని అదే రకపు మరో పరికరంలో వేస్తే పని సాఫీగా సాగింది. మరో బ్యాటరీని ఈ డ్రిల్లులో వేసినా ఆగిపోయింది. నేరం డ్రిల్లు కింది భాగంలోని లోహపు నాలుకలదని అప్పుడు తెలిసింది. సిమెంటు దుమ్ము చేరి, నిప్పురవ్వలకు నల్లబడి, ఒకటి కాస్త పక్కకు వంగి ఉంది. స్పిరిట్‌తో తుడిచి, నలుపును సన్నగా గీకి, వంపును సరిచేశాను. డ్రిల్లు పనిచేసింది.

తప్పు పెట్టె లోపల ఉండి ఉంటే నేను విప్పేవాణ్ని కాను. ఇంటి వైరింగుకు మెయిన్ ఉంది, ఆపవచ్చు. సెల్లుల మధ్య పట్టీలకు ఆపే స్విచ్చు ఉండదు, స్క్రూడ్రైవరు జారి రెండు పట్టీలకు తగిలితే ఆ క్షణాన అడ్డుపడేది ఏదీ లేదు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్న సెల్లును ఛార్జి చేయకూడదన్నది, నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జితో చల్లని చోట ఉంచాలన్నది పెట్టె విప్పకుండానే పాటించగలిగినవి.

గీజరుకు కొత్త సాకెట్ బిగించి, తీగ కొసలను రంగు మారని రాగి కనిపించేదాకా కోసి, తొడుగులు నొక్కి కలిపాను. ఆ మరునాడు పావుగంట సేపు గీజరు నడిపి, స్విచ్చు ఆపి, ప్లగ్గు కాళ్ళను వేలితో తాకి చూశాను. గోరువెచ్చగా కూడా లేవు. అదే ఊపులో ఇస్త్రీపెట్టె వాడే సాకెట్‌ను కూడా ఇలాగే పరీక్షిస్తే, మూడు కాళ్ళలో ఒకటి మాత్రం, న్యూట్రల్ వైపుది, మిగతా వాటికన్నా వెచ్చగా తగిలింది. వచ్చే ఆదివారం దాని పలక విప్పాలి.