తాత ఇంగ్లీషుకు నవ్వొద్దు

నెల్లూరులో కుళాయి కారుతుంటే ప్లంబర్‌ను పిలుస్తారు. డల్లాస్‌లో మా ఇంట్లో కారితే ప్లమర్‌ను పిలుస్తాం. ఇంగ్లీషు రాతలో రెండూ ఒకటే, అవే ఏడు అక్షరాలు. మధ్యలో ఉన్న బి ఊళ్లో పలుకుతుంది, ఇక్కడ పలకదు. పోయిన వేసవిలో మా నాయన ఫోన్‌లో ‘ప్లంబర్’ అనగానే నా పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. ‘తాతా, అది ప్లమర్’ అని సరిదిద్దారు. ఆయన కోప్పడలేదు. ‘ఏందిరా అబ్బయా, ఆడ బి రాసుండారు, నేను బి అంటా ఉండా. రాసుండేదే కదా చదవతా ఉండేది’ అన్నారు.

నాకు ఆ మాట మనసులో ఉండిపోయింది, ఎందుకంటే అందులో తప్పేమీ లేదు. ఇక్కడ మన పుట్టినరోజు పార్టీల్లో పిల్లలు అమ్మానాన్నల ఇంగ్లీషును, తాతల ఇంగ్లీషును అనుకరించి చూపిస్తుంటారు. పెద్దవాళ్లు కూడా నవ్వేస్తారు. నేను నవ్వలేను. అక్షరం ఒకటి, పలుకు ఇంకొకటి ఉన్న భాషను కేవలం కాగితం మీద చూసి నేర్చుకున్న మనుషులు వాళ్లు. తప్పు వాళ్ల నాలుకది కాదని, ఆ రాతదని నా పిల్లలకైనా తెలియాలి.

మా నాయన బుచ్చిరెడ్డిపాలెం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు ఇంటిభాషగా మాట్లాడే మనిషి గొంతు ఆయన ఎదురుగా విన్నది ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు. అంతవరకూ గ్రామర్ పుస్తకం, డిక్షనరీ, మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపరు, ఇవే ఆయనకు గురువులు. ఆయనకు చదువు చెప్పిన మాస్టర్లదీ అదే దారి. తెలుగులో రాసిందల్లా పలకడానికి అలవాటుపడిన నాలుక ఇంగ్లీషు పేజీ ముందు కూర్చుంటే ఏం చేస్తుంది? ఉన్న అక్షరాలన్నీ పలుకుతుంది. అందుకే మన దగ్గర కప్‌బోర్డ్ ఉంటుంది, రిసీప్ట్ ఉంటుంది, వెడ్నెస్‌డే ఉంటుంది.

క్లాసులో ఆయన మొదటి పాఠం అందరు మాస్టర్లు చెప్పేదే. బి-యు-టి బట్, పి-యు-టి పుట్. ఎందుకు సార్ అని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడుగుతారు. అది అంతే, రాసుకో అని చెప్పి ఊరుకునే మాస్టర్లు ఎక్కువ. ఆయన మాత్రం ఒక ఉపాయం చెప్పేవారు. ప్రతి మాటకూ రెండు పలుకులు పెట్టుకోమనేవారు, ఒకటి నోటికి, ఇంకొకటి చేతికి. నోటికి వెన్స్‌డే, చేతికి వెడ్-నెస్-డే. నోటికి నైఫ్, చేతికి క్నైఫ్. డిక్టేషన్‌లో క్లాసంతా పెదాలు కదుపుతూ ‘క్నైఫ్, క్నీ, క్నాట్’ అనుకుంటూ రాసేది. నేనూ ఆ క్లాసులోనే కూర్చున్నాను. ఇప్పటికీ ఆఫీసులో ‘నాలెడ్జ్’ అని టైప్ చేసేటప్పుడు లోపల ‘క్నో-లెడ్జ్’ అనుకుంటాను. నా స్పెల్లింగ్ తప్పు పోదు.

ఈ ఉపాయం విని మా పెద్దవాడు ఇంకా నవ్వాడు. అప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ కె కథ చెప్పాను. ఇంగ్లీషువాళ్లు ఒకప్పుడు నిజంగానే ఆ కె పలికేవాళ్లు. ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో, అంటే 14వ శతాబ్దంలో, ‘నైట్’ అనే మాటలో ఉన్న జి-హెచ్‌కు కూడా ధ్వని ఉండేది, గొంతులోంచి వచ్చే ఖ లాంటిది. ‘టైమ్’ను దాదాపు టీమ్ అనేవాళ్లు, ‘హౌస్’ను హూస్ అనేవాళ్లు. ఆ రోజుల్లో వాళ్ల రాత చాలావరకు మన రాతలాగే పలుకును అనుసరించేది. ఎవరి యాసలో వాళ్లు రాసుకునేవాళ్లు. 1476లో విలియం కాక్స్‌టన్ లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడడం మొదలైంది. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే, సుమారు 1400 నుంచి 1700 మధ్య, ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ నోట్లో స్థానం మార్చుకున్నాయి. కె మూగబోయింది, జి-హెచ్ కొన్నిచోట్ల మాయమై కొన్నిచోట్ల ఫ గా మారింది. ‘దో’, ‘త్రూ’, ‘టఫ్’, ‘కాఫ్’, ‘థాట్’ అన్నిటిలోనూ ఓ-యు-జి-హెచ్ ఉంటుంది, ఏ రెండూ ఒకేలా పలకవు. నోరు ముందుకు వెళ్లిపోయింది, కాగితం అక్కడే ఆగింది.

అంటే తాత చేతికోసం పెట్టిన ‘క్నైఫ్’లో కె పాత ఇంగ్లీషువాళ్లు నిజంగా పలికిందే. ఇది విన్నాక వాడు నవ్వలేదు. ఇంకేవి అలాంటివి అని అడిగాడు.

అన్నీ అలాంటివి కావని కూడా చెప్పాలి కదా. కొన్ని అక్షరాలు ఏ కాలంలోనూ పలకలేదు. ‘డెట్’ అంటే అప్పు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. దీని మూలం లాటిన్‌లో ‘డెబితుమ్’ అని చూపించుకోవడానికి పండితులు తరవాత బి చేర్చారు. ‘రిసీప్ట్’లో పి చేరింది కూడా ఇలాగే. ‘ఐలండ్’లో ఎస్ అయితే పూర్తిగా పొరపాటే. అది అచ్చమైన ఇంగ్లీషు మాట, లాటిన్ ‘ఇన్సుల’తో సంబంధం ఉందనుకుని ఎస్ తగిలించారు. ఇక మా ఇంటి ప్లంబర్ సంగతి. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు. సీసపు గొట్టాల పని చేసేవాడి పేరు అందులోంచే వచ్చింది. మా వాడు సైన్స్ క్లాసులో సీసం గుర్తు పి-బి అని నేర్చుకున్నాడు. ఆ బి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటిదాకా వాడికి తెలియదు. తాత పలికే బి కూడా అదే.

దీన్ని సరిచేద్దామని ప్రయత్నించినవాళ్లూ లేకపోలేదు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నాటి తన నిఘంటువులో ‘కలర్’లోంచి యు తీసేశాడు, ‘సెంటర్’ చివర అక్షరాలు తిరగేశాడు. ఆ వరకు నిలిచింది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వ ముద్రణాలయం 300 మాటలను సులువైన స్పెల్లింగులతో అచ్చువేయాలని ఆదేశిస్తే కాంగ్రెస్ ఒప్పుకోలేదు, ఆయన వెనక్కి తగ్గారు. ఈ సగం మార్పు వల్ల మన పిల్లలకు ఇంకో తిప్పలు వచ్చిపడింది. తాత దగ్గర కూర్చుని వేసవిలో రాసిన ‘కలర్’లో యు ఉంటుంది, ఆగస్టులో బడి తెరవగానే టీచరు దాని చుట్టూ సున్నా చుడుతుంది. తాత తప్పు చెప్పారా అని చిన్నది దిగులుగా అడిగింది. కాదు తల్లీ, తాతది లండన్ స్పెల్లింగ్, మీ టీచరుది వెబ్‌స్టర్ స్పెల్లింగ్ అని చెప్పాను.

ఇక్కడి బడుల్లో చిన్న తరగతుల పిల్లలకు ఫోనిక్స్ చెబుతారు, ఏ అక్షరానికి ఏ ధ్వనో. దాంతోపాటే ఆ లెక్కకు లొంగని మాటల జాబితా ఒకటి ఇస్తారు. సైట్ వర్డ్స్ అంటారు, చూసి గుర్తుపెట్టుకోవాల్సినవి. ‘సెడ్’, ‘వాజ్’, ‘వన్’, ‘దే’ లాంటి రోజూ వాడే మాటలే అందులో ఉంటాయి. నియమం చెప్పిన వారంలోనే దానికి లొంగని మాటలు చేతికిస్తే పిల్లలు తికమక పడకుండా ఎలా ఉంటారు? మా చిన్నది ఒకటో తరగతిలో ‘సెడ్’ను ఎస్-ఇ-డి అని రాసి, అది తప్పంటే ఏడ్చింది. దాని చెవి సరిగ్గా విన్నది, చేయి సరిగ్గా రాసింది. ఆ ఏడుపు న్యాయమైనదని నేను ఇప్పటికీ అంటాను. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో ఐరోపా భాషల పిల్లలను పోల్చి చూశారు. మొదటి ఏడాది చదువు అయ్యేసరికి గ్రీకు, ఫిన్నిష్ పిల్లలు తెలిసిన మాటలు దాదాపు అన్నీ చదవగలిగితే, స్కాట్లండ్‌లో ఇంగ్లీషు చదివే పిల్లలు మూడో వంతు మాత్రమే చదవగలిగారు. స్కాట్లండ్ పిల్లలు వయసులో కొంచెం చిన్నవాళ్లు, నిజమే. కానీ అంత తేడా ఒక్క వయసువల్ల రాదు.

మాటల స్పెల్లింగులు పైకి చెప్పే పోటీ, స్పెల్లింగ్ బీ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు, మీ పిల్లలు పాల్గొనడం లేదా అని. 1985లో బాలు నటరాజన్ గెలిచినప్పటి నుంచి మన భారతీయ పిల్లలకు ఆ పోటీ ఒక పండగైంది. 2019లో ఎనిమిది మంది కలిసి గెలిస్తే వాళ్లలో ఏడుగురు మనవాళ్లే. ఇష్టపడి చేసే పిల్లలకు అది గొప్ప చదువు, మాటల మూలాలన్నీ తెలుస్తాయి. మా వాళ్లకు ఆ ఇష్టం లేదు, నేను బలవంతపెట్టను.

శనివారాలు మాత్రం తెలుగు తరగతి తప్పనివ్వను. తెలుగు సులువని చెప్పి పిల్లలను మభ్యపెట్టకూడదు. ఇరవై ఆరు అక్షరాలు నేర్చుకున్న పిల్లకు గుణింతాలు, ఒత్తులు చూస్తే కళ్లు తిరుగుతాయి. క నుంచి కః దాకా ఒక అక్షరానికే అంత వరస ఉంటే, అన్నిటికీ ఎప్పుడు వస్తుంది అని మా చిన్నది నీరసపడిపోయేది. కష్టమంతా మొదట్లోనే. ఒత్తులు దాటాక అర్థం తెలియని మాటనైనా చదివేస్తుంది. నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద ఆటోలో వెళ్తూ బోర్డులన్నీ పైకి చదివింది. సగం మాటలకు అర్థం నన్నడిగింది, ఎలా పలకాలో ఒక్కదానికీ అడగలేదు.

అయితే తెలుగులోనూ కొన్ని సందులున్నాయి, వాటిని అదే పట్టుకుంది. ‘చేప’లో చ వేరు, ‘చాప’లో చ వేరు కదా, రెంటికీ ఒకే అక్షరం ఎందుకు అంది. ‘జీతం’, ‘జడ’ కూడా అంతే. వెనకటికి ఈ రెండో ధ్వనికి వేరే గుర్తు వాడేవారని, ఇప్పుడు పుస్తకాల్లో మానేశారని తాత చెప్పారు. మానేయకుండా ఉండాల్సింది, నాలాంటివాళ్లకు తెలిసేది అంది. నాకూ అలాగే అనిపిస్తుంది. ఇంట్లో తెలుగు వినే పిల్లలకు ఆ గుర్తు అక్కర్లేదు, దూరదేశంలో పుస్తకం చూసి నేర్చుకునే పిల్లలకు కావాలి. తాత ఇంగ్లీషు నేర్చుకున్న పద్ధతి, నా కూతురు తెలుగు నేర్చుకుంటున్న పద్ధతి ఒక రకంగా ఒకటే.

ఇంగ్లీషు అక్షరాల్లో మన ఊళ్ల పేర్లు చూస్తే ఈ గోల ఇంకా బాగా తెలుస్తుంది. నెల్లూరు చివర ఓ-ఆర్-ఇ పెట్టారు. ఇక్కడ పుట్టిన పిల్లలు నెల్లోర్ అంటారు. ఒంగోలును ఆంగోల్ అంటారు. మా అత్తగారిది కంభం. గుండ్లకమ్మ మీద పెద్ద చెరువున్న ఆ కంభాన్ని సి-యు-ఎం-బి-యు-ఎం అని రాస్తారు. తెల్లదొరల చెవికి మన అ వాళ్ల ‘కట్’లో యు లాగా వినపడింది, అందుకని యు పెట్టారు. కర్నూలులో మొదటి యు కూడా అదే. ఇప్పుడు మనం వేరే పద్ధతిలో అ కు ఏ, ఉ కు యు రాసుకుంటున్నాం. పాత బోర్డు, కొత్త బోర్డు పక్కపక్కన ఉంటే ఏ పద్ధతిలో చదవాలో పిల్లలకు ఎలా తెలుస్తుంది? మా వాడు రైల్వే బోర్డు మీద ఇంగ్లీషు చూడడం మానేసి తెలుగు చూస్తున్నాడు.

పిల్లల పేర్ల సంగతి దీనికంటే లోతుగా తగులుతుంది. మా అమ్మాయి పేరులో త ఉంది. మన దక్షిణాదిలో ట కోసం టి ఉంచుకుని, త కు టి-హెచ్ రాస్తాం, లత, గీత, సుజాత అన్నీ అలాగే. ఇక్కడ టి-హెచ్ చూస్తే నాలుక పళ్ల మధ్య పెట్టి ‘థింక్’లో లాగా పలుకుతారు. హెచ్ తీసేస్తే ట అంటారు. త అనే ధ్వని వాళ్ల నోట్లో విడిగా లేదు, వాళ్ల అక్షరాల్లోనూ లేదు. పుట్టినప్పుడు ఆసుపత్రి ఫారం మీద ఏది రాయాలో మేం చాలాసేపు ఆలోచించి చివరికి టి-హెచ్ రాశాం, ఊళ్లో తాత సరిగ్గా చదవాలని. బడిలో మొదటి రోజు టీచరుకు తన పేరు తనే పలికి వినిపిస్తుంది, రెండుసార్లు, మూడుసార్లు. దగ్గరగా వస్తే చాలంటుంది. అది అంత ఓపికగా చెబుతుంటే నాకు గర్వంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది. తన పేరు ఎదుటివాళ్ల నాలుక మీద తిరగకపోతే ఎలా ఉంటుందో దానికి తెలుసు కాబట్టి, తాత ప్లంబర్ అన్నప్పుడు నవ్వకూడదని దానికి చెప్పడం సులువైంది. అన్నకు ఇప్పుడు అదే చెబుతోంది.

నెల్లూరులో మా అక్క కూతురు ఇంగ్లీషు మీడియంలో చదువుతోంది. వాట్సాప్‌లో మా పిల్లలకు తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో పంపుతుంది. ఏ తో అ రాసిందో ఆ రాసిందో, డి తో ద రాసిందో డ రాసిందో వీళ్లకు అంతుపట్టక నన్ను పిలిచి చదివించుకుంటారు. మొన్న మా చిన్నది విసిగిపోయి, ‘అక్కా, తెలుగులో రాయవా, నాకు అదే ఈజీ’ అని తెలుగులో టైప్ చేసి పంపింది. తనకు తెలుగు కీబోర్డు అలవాటు లేదని, మెల్లగా వస్తుందని ఆ పిల్ల జవాబిచ్చింది. ఇప్పుడు చిన్న చిన్న సంగతులు తెలుగులో రాస్తోంది, పెద్దవి చెప్పాలంటే వాయిస్ మెసేజ్ పంపుతోంది.